తొమ్మిదో పేరు

నేను మూడు నెలలు కుస్తీ పట్టి సాధించిన పనిని మొమోసె ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి ముగించింది. అదీ నా ఎదురుగానే, నా కుర్చీ పక్కన తన కుర్చీ వేసుకుని. "ఇదిగో, అయిపోయిందండీ ఇగరషి సాన్," అంది, పేరు పక్కన 'గారు' అన్నట్టు 'సాన్' తగిలించి. అయిపోయిందట! నా కడుపు ఎలా మండిందో ఆ అమ్మాయికేం తెలుసు.

పని ఏమిటో చెబుతాను. మా ఊళ్ళో బడిపిల్లల మధ్యాహ్న భోజనం అంతా ఒకేచోట వండుతారు. పద్నాలుగు బళ్ళకు అక్కడి నుంచే లారీలు బయల్దేరతాయి. గుడ్డు పడని పిల్లలు, పాలు పడని పిల్లలు, గోధుమ పడని పిల్లలు, వీళ్ళందరి జాబితా రోజూ పొద్దున్నే వంటశాలలో అచ్చవుతుంది. తరగతికో కాగితం. పైన బడి పేరు, దాని కింద తరగతి, ఆ కింద పిల్లల పేర్లు, ఎవరి గిన్నెలో ఏది ఉండకూడదో ఆ వివరం. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆ తరగతికి వెళ్ళే డబ్బాకి కడతారు. బళ్ళో టీచరు కాగితం చూసి, గిన్నె చూసి, ముద్ర వేసి, అప్పుడు పిల్ల చేతికిస్తుంది.

పంతొమ్మిదేళ్ళ కిందట, వంటశాలకి కంప్యూటరు పనులు చేసిపెట్టే మా ఆఫీసులో, ఆ జాబితా అచ్చువేసే ప్రోగ్రాము రాసింది నేను, ఇగరషి కజుఎ. తరగతి మారినచోట కాగితం మారాలి అని మనిషికి చెబితే ఒక్క మాటలో అర్థమవుతుంది. యంత్రానికి అర్థం కాదు. ఒక్కో వరుసా చదివించాలి, ఇందాకటి తరగతేనా కాదా అని పోల్పించాలి, కాకపోతే ఉన్న కాగితాన్ని బయటికి నెట్టించి, కొత్తదాని నెత్తిన మళ్ళీ బడి పేరు, తరగతి పేరు వేయించాలి. అదంతా నేను ఒక్కో లైనూ చేత్తో రాశాను. ఇప్పుడు రిపోర్టులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చింది. తెర మీద 'తరగతి' అని ఒక పట్టీ ఉంటుంది. దాన్ని నొక్కితే 'ఈ గ్రూపు ముందు కొత్త పేజీ' అని ఒక గడి కనిపిస్తుంది. టిక్కు పెడితే సరి.

కొత్త వింత, పాత రోత. ఇన్నాళ్ళూ ఆ మాట చెప్పులకీ కోడళ్ళకీ అనుకునేదాన్ని.

మొమోసెకి ఇరవై తొమ్మిదేళ్ళు. టోక్యోలో ఆరేళ్ళు ఇలాంటి రిపోర్టులే చేసి, మా ఊరి మంచు మీద బెంగ పెట్టుకుని తిరిగొచ్చిందట. మంచు మీద బెంగేమిటి? జనవరిలో వారం రోజులు పార పట్టుకుని ఇంటికప్పు ఎక్కితే బెంగ సంగతి తేలుతుంది. కానీ మా ఆఫీసులో అందరికీ ఆ మాట తెగ నచ్చేసింది. సెక్షన్ చీఫ్ హొన్మా అయితే వచ్చిన వాళ్ళకల్లా చెప్పాడు. ఈ హొన్మా నాకంటే ఆరేళ్ళు చిన్న. కాగితం ప్రింటరులో ఏ వైపు పెట్టాలో కూడా నేనే నేర్పాను అతనికి. ఇప్పుడేమో, "మొమోసె సాన్, మీరేమంటారు?" అని అటు తిరుగుతాడు. నా వైపు తిరిగినప్పుడు, "ఇగరషి సాన్, ఫ్యాక్స్ ఏమైనా వచ్చిందాండీ?" అంటాడు.

అన్నిటికంటే ఎక్కువ మండింది పెర్సిమన్ పళ్ళ దగ్గర. వంటశాలలో పోషకాహారం చూసే కసుగ సాన్ ప్రతి నవంబరులోనూ తన పెరటి పళ్ళు ఒక పెట్టె పంపుతుంది. పద్దెనిమిదేళ్ళుగా కార్డు మీద 'ఇగరషి సాన్‌కి' అనే ఉండేది. పోయిన నవంబరులో 'మొమోసె సాన్‌కి, ఇంకా అందరికీ' అని వచ్చింది. ఇంకా అందరికీ! అంటే నేను ఆ అందరిలో కలిసిపోయానన్నమాట. ఆ పళ్ళు నేను ముట్టలేదు. అంటే, రెండు తిన్నాను.

ఆ అమ్మాయి చెడ్డదైనా బాగుండేది. కాదు. రోజూ నాలుగున్నరకి వేయించిన ఆకుల టీ పెట్టి నా బల్ల మీదికి తెచ్చి ఇస్తుంది. చేప బొమ్మ ఉన్న నా కప్పులోనే. ఈ రోజుల్లో ఆఫీసుల్లో టీ తెచ్చిచ్చే ఆచారమే లేదు, తెమ్మని ఎవరూ అడగలేదు. నేను కప్పు అందుకుని, "అయ్యో, ఎందుకమ్మా నీకు శ్రమ," అంటాను. లోపల మాత్రం, టీ పోసి నా కుర్చీ కూడా పట్టుకుపోదామనా, అనుకుంటాను.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం కొత్త జాబితాని నా తెర మీద తెరిచి పెట్టింది.

"శుక్రవారం కసుగ సాన్‌కి చూపించాలండీ. మీరొక్కసారి చూసి పెడతారా? మీ కన్ను పడితే నాకు ధైర్యం."

"నా కన్నుదేముందిలే. పాతకన్ను."

"పాతకన్నే కావాలండీ నాకు," అని నవ్వి వెళ్ళిపోయింది.

సరే, చూశాను. బాగుంది. ఆ మాట ఒప్పుకోవడానికి నా పళ్ళు ఎంత కొరుక్కున్నానో నాకే తెలుసు. గీతలు పల్చగా, అక్షరాలు లావుగా ఉన్నాయి. పాలకి నీలం, గుడ్డుకి పసుపు, గోధుమకి గోధుమరంగు. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారినా కనబడాలని పేజీకి ఎనిమిది పేర్లే పట్టేట్టు నేను పెట్టిన కొలత అలాగే ఉంచింది. తరగతి చివరి పేరు కింద నేను వేయించే చిన్న వాక్యం కూడా ఉంది: 'ఇక్కడి నుంచి కింద ఖాళీ.' మా దగ్గర ఏ పట్టికకైనా చివర ఆ మాట రాయడం మా తాతల నాటి పద్ధతి. పేర్లు అయిపోయాయని చదివేవాళ్ళకి తెలియాలి, తర్వాత ఎవరూ ఏదీ ఇరికించకూడదు. ఈ కాలపు పిల్లలు రాయరు. ఆ అమ్మాయి రాసింది. చివరికి నా వాక్యాన్ని కూడా తన సొంతం చేసుకుందే అని అదో మంట నాకు.

నాకొక అలవాటుంది. ఏ జాబితా చేసినా లేని పేర్లతో గాలి పిల్లల్ని పుట్టించి చూస్తాను. ఒక తరగతిలో ఒక్కరూ లేకపోతే? ఒక్కరే ఉంటే? తొమ్మిది మంది ఉంటే? పంతొమ్మిదేళ్ళలో ఏ తరగతిలోనూ ఎనిమిది దాటలేదు, అయినా సరే తొమ్మిది పెట్టి చూస్తాను. మూడో తరగతిలో తొమ్మిది మంది గాలి పిల్లల్ని కూర్చోబెట్టి పేజీలు తిప్పాను. మొదటి పేజీలో ఎనిమిది మంది. రెండో పేజీలో తొమ్మిదో పేరు ఒక్కటే. దాని నెత్తిన బడి పేరు ఉంది.

తరగతి పేరు లేదు.

బడి పట్టీకి 'ప్రతి పేజీ మీదా మళ్ళీ వేయి' అన్న గడిలో టిక్కు ఉంది. తరగతి పట్టీకి అదే గడి ఖాళీగా ఉంది. రెండు టిక్కులు పెట్టాల్సిన చోట ఒకటే పెట్టింది. అలాంటి కాగితం వంటశాల ప్రింటరులోంచి వస్తే అది ఎవరిదో ఎవరికీ తెలియదు. పక్క తరగతి కాగితం వెనక అంటుకుపోతుంది. ఆ తొమ్మిదో పిల్లకి విడిగా గిన్నె తయారుకాదు, మామూలు గిన్నె ఇచ్చేస్తారు.

ఇది తెలిశాక నాకేమనిపించిందో దాచను. సంతోషం వేసింది. ఎన్ని నెలల తర్వాతో ఒళ్ళంతా తేలికైంది. గడియారం చూశాను, సరిగ్గా నాలుగు. పిలిచి చెప్పవచ్చు, ఆ అమ్మాయి బల్ల నాకు ఏడడుగుల దూరం. చెబితే ఏమవుతుంది? "అయ్యో, థాంక్సండీ!" అని ఒక్క నొక్కు నొక్కుతుంది, తప్పు మాయం, శుక్రవారం చప్పట్లు. అలా కాదు. శుక్రవారం కసుగ సాన్ ముందు, హొన్మా ముందు, నేను నెమ్మదిగా, ఏమీ ఎరగనట్టు అడుగుతాను. తరగతిలో తొమ్మిది మంది ఉంటే ఏమవుతుందమ్మా? అప్పుడు ఆ ముఖం చూడాలి. ఎటూ ఇది ఇంకా వాడుకలోకి రాలేదు, ఎవరికీ ముప్పు లేదు. ఈ విధంగా నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

నాలుగున్నరకి టీ తెచ్చింది. కప్పు పెట్టి, ట్రే గుండెలకి ఆనించుకుని నిలబడింది.

"చూశారాండీ? తప్పులేమైనా ఉన్నాయా?"

"లేవు. బాగుంది," అన్నాను.

"నిజంగా?"

"నిజంగానే. హాయిగా ఉండు."

ఆ అమ్మాయి ముఖం విప్పారింది. నేను టీ ఊదుకుంటూ తాగాను.

శుక్రవారం కసుగ సాన్ మంచు బూట్లు విప్పి, లోపలి చెప్పులు తొడుక్కుని, సెంబె బిస్కెట్ల డబ్బాతో వచ్చింది. మొమోసె గోడ మీద తెర వేసి చూపించింది. కసుగ సాన్ 'ఆహా', 'ఓహో' తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. నేను నా ప్రశ్న నాలుక మీద పెట్టుకుని కూర్చున్నాను. చిట్టచివర్లో, అందరూ మెచ్చుకోవడం అయ్యాక వేద్దామని.

అప్పుడు హొన్మా నోరు తెరిచాడు.

"మరో సంగతి కసుగ సాన్, దీన్ని మంగళవారమే ఇగరషి సాన్ పూర్తిగా చూశారు. ఒక్క తప్పు లేదన్నారు. ఆవిడ చూశారంటే ఇక తిరుగులేదు."

"అయితే ఇంకేం!" అంది కసుగ సాన్. "నెలరోజులు రెండూ పక్కపక్కన వాడదామనుకున్నాను గానీ, ఎందుకు రెట్టింపు చాకిరీ? సోమవారం నుంచి ఇదే అచ్చువేసుకుంటాం. పాతది ఆపేయండి."

మొమోసె నా వైపు తిరిగి తల వంచి నమస్కరించింది. అందరూ నన్నే చూస్తున్నారు. ఇప్పుడు నేను ఆ ప్రశ్న వేస్తే ఎవరి ముఖం మాడుతుంది? బాగుందని చెప్పింది నేను. తీసిన గోతిలో నేనే పడ్డాను. ఆ క్షణంలోనైనా, "ఆగండి, నాదే పొరపాటు, ఒకటి చూడలేదు," అని ఉంటే అయిపోయేది. ఆ అమ్మాయి ముందు నేనొక తప్పు చూడలేకపోయానని ఒప్పుకోవడమా? నా వల్ల కాలేదు. సెంబె ఒకటి తీసుకుని కొరికాను.

శని, ఆదివారాలు మంచు ఆగకుండా కురిసింది. పార వేసి తోస్తూ లెక్కలేసుకున్నాను. పంతొమ్మిదేళ్ళలో రాని తొమ్మిది రేపే వస్తుందా? సోమవారం సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ టిక్కు నేనే పెట్టేస్తాను, ఎవరికీ తెలియదు, అనుకున్నాను. సోమవారం పొద్దున్నే ఎందుకు కాదు అంటారా? పొద్దున్న మొమోసె నాకంటే ముందే వస్తుంది.

సోమవారం పదీ పావుకి హొన్మా కాఫీ కప్పుతో కిటికీ దగ్గర నిలబడి, ఊసుపోక అన్నాడు. "విన్నారా, కొండ మీది బడిలో బాయిలరు పగిలి గదుల్లో వేడి లేదట. ఈ వారమంతా పిల్లల్ని బస్సులో మన నది ఒడ్డు బడికి తెస్తున్నారు. మా అక్క కొడుకు అక్కడే, ఎగిరి గంతేశాడు వెధవ."

నేను పెన్ను పక్కన పడేశాను.

ఆ పొద్దుటి జాబితా తెరిచాను. నది ఒడ్డు బడి, మూడో తరగతి, రెండో సెక్షను. లెక్కపెట్టాను. ఎనిమిది. పేజీ తిప్పాను. ఒక్క పేరు. వకుయి ఫుకి. పాలు. మా అక్షరక్రమంలో 'వ' చిట్టచివర వస్తుంది, అందుకే కొండ మీంచి దిగివచ్చిన ఈ పిల్ల అందరి వెనకా నిలబడింది. ఆ పేరు నెత్తిన బడి పేరు ఉంది, తరగతి పేరు లేదు. ఆ రోజు వంట ఏమిటో చూశాను. పాల పులుసు, క్రీమ్ స్ట్యూ.

వంటశాలకి చేద్దామని ఫోను తీశాను. ఎంగేజ్. మళ్ళీ తీశాను. ఎంగేజ్. లారీలు పదకొండుకి బయల్దేరతాయి. లేచి కారు తాళాలు తీసుకున్నాను.

"ఏమైందండీ ఇగరషి సాన్?" మొమోసె తలెత్తింది.

"ఏం లేదు," అన్నాను. చూడండి, అప్పుడు కూడా చెప్పలేదు. ఆ అమ్మాయిని ఫోను చేస్తూ ఉండమంటే నా నోరు పడిపోతుందా? ఏం లేదు అని చెప్పి తలుపు వేసుకుని వెళ్ళిపోయాను.

మామూలుగా ఎనిమిది నిమిషాల దారి. ముందు మంచు తోసే బండి ఒకటి పసుపు దీపం తిప్పుకుంటూ నత్తలా పోతోంది. దాటడానికి చోటు లేదు. రెండు పక్కలా మనిషెత్తు మంచు గోడలు. వకుయి ఫుకి ఎలా ఉంటుందో నాకు తెలియదు. మూడో తరగతి అంటే తొమ్మిదేళ్ళు. కొత్త బడి, తెలియని టీచరు, తెలియని పిల్లలు. గిన్నె ముందు పెడితే అడగడానికి సిగ్గుపడుతుంది. తినేస్తుంది. హారను మీద చెయ్యి వేసి అలాగే నొక్కి పట్టాను. ముందున్న బండి డ్రైవరు అద్దంలోంచి నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

వంటశాల దగ్గర దిగేసరికి పదకొండుకి నాలుగు నిమిషాలు. లోపలికి పోనివ్వరు. పక్క కిటికీని గుద్దాను. తెల్ల టోపీ, మాస్కుతో కసుగ సాన్ కిటికీ తెరిచింది.

"ఇగరషి సాన్! మీరేంటిక్కడ? అయ్యయ్యో, ఆ కాళ్ళేమిటి?"

కిందికి చూసుకున్నాను. ఆఫీసులో వేసుకునే గుడ్డచెప్పులతో వచ్చేశాను. మేజోళ్ళు తడిసి ముద్దయ్యాయి.

"నది ఒడ్డు బడి. మూడో తరగతి రెండు. ఇంకో కాగితం ఉంది," అన్నాను ఆయాసపడుతూ.

"దొరికింది, దొరికింది! మీరు ముందు ఊపిరి తీసుకోండి." కసుగ సాన్ మాస్కు కిందికి లాగింది. "డబ్బాలకి కాగితాలు కట్టే మా ఒమొరి సాన్ లేదూ, ఆవిడ పట్టుకుంది. కవరులో పెట్టబోతూ ఆగిపోయింది. ఎనిమిది పేర్లు ఉన్నాయి, కింద మీ మాట లేదు. 'ఇక్కడి నుంచి కింద ఖాళీ అని లేదమ్మా, ఈ జాబితా అయిపోలేదు, ఇంకో కాగితం ఉండాలి,' అని పంతం పట్టింది. వెతికితే మూడో సెక్షను కవరులో, వెనక, తరగతి పేరే లేకుండా పడి ఉంది. బడికి ఫోను చేసి కనుక్కున్నాం. పాలు లేని పులుసు ఇప్పుడే డబ్బాలో పెట్టించాను."

నేను గోడకి చేరగిలబడ్డాను.

"మీ వాక్యమే కాపాడిందండీ పిల్లని. తెలుసా, దాన్ని తీసేయమన్నది నేనే. జనవరిలో మొమోసె సాన్‌తో అన్నాను, పాత చాదస్తం, అందంగా లేదు, ఎందుకిది, అని. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. 'ఎందుకో నాకూ తెలీదండీ, కానీ ఇగరషి సాన్ పెట్టారంటే ఏదో ఉంటుంది, నేను తియ్యను,' అంది."

కాళ్ళు చల్లగా ఉన్నాయన్న సంగతి అప్పుడు తెలిసింది.

"అది సరే గానీ," అంది కసుగ సాన్, "మేమింకా మీ ఆఫీసుకి ఫోనే చెయ్యలేదు. ఇంతసేపూ బడితోనే మాట్లాడుతున్నాం. మీకెలా తెలిసింది?"

"కొండ మీది బడి సంగతి విన్నాను. చూస్తే తొమ్మిది వచ్చింది."

"అదీ అనుభవమంటే!" అని కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఊపింది.

తిరిగి వచ్చేసరికి ఆఫీసుకి ఫోను వచ్చేసింది. మొమోసె హొన్మా బల్ల ముందు నిలబడి ఉంది. నడుం దాకా వంగి, లేవకుండా. "నా తప్పేనండీ. రెండో టిక్కు మర్చిపోయాను. ఎక్కువమంది ఉన్న తరగతితో పరీక్షించలేదు. నన్ను క్షమించండి," అంటోంది. మెడ వెనక ఎర్రబడి ఉంది.

నేను కోరుకున్నది అచ్చం ఇదే. ఆ వంగిన వీపుతో సహా, మంగళవారం నుంచి నేను కలగన్న బొమ్మ ఇదే.

హొన్మా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రండి రండి ఇగరషి సాన్! కసుగ సాన్ అంతా చెప్పింది. చూశారా మొమోసె సాన్, సాఫ్ట్‌వేర్ ఎంత కొత్తదైనా, మనిషి అనుభవం మనిషి అనుభవమే. మంచులో, ఆ గుడ్డచెప్పులతో! ఇకనుంచి రిపోర్టులన్నీ చివరిగా మీ ముద్రతోనే వెళతాయి. నేను పైవాళ్ళతో చెబుతాను."

మొమోసె లేచి నా వైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. మళ్ళీ వంగబోయింది, ఈసారి నాకు.

"వంగకు," అన్నాను. "నేను చూశాను."

"ఏమిటండీ?"

"ఆ టిక్కు లేదని చూశాను. మంగళవారమే. తొమ్మిది మందిని పెట్టి చూశాను, తరగతి పేరు రాలేదు. తెలిసే బాగుందన్నాను. శుక్రవారం అందరి ముందూ అడుగుదామని. నువ్వంటే కుళ్ళు నాకు."

హొన్మా చేతులు ఊపుతూ, "అబ్బే, ఇగరషి సాన్ అలసిపోయారు, అందుకే..." అన్నాడు.

మొమోసె అతని మాట వినలేదు.

"మంగళవారం ఎన్నింటికండీ?"

"నాలుగింటికి."

లోపల ఏదో లెక్కవేసుకుంటున్నట్టు ఆగింది. "నేను నాలుగున్నరకి మీకు టీ తెచ్చాను," అంది. అంతే అంది. తన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

జరిగినదంతా ఆ మధ్యాహ్నమే ఉత్తరంగా రాసి వంటశాలకి పంపాలి, అది పద్ధతి. మొమోసె తన తప్పు తాను రాసి ముద్ర వేసింది. దాని కింద నాది నేను రాశాను. హొన్మా నన్ను పక్కకి పిలిచి, "రెండోది అక్కర్లేదండీ, ఇంటి గుట్టు బయట ఎందుకు? ఇన్నేళ్ళ మీ పేరు..." అని గొణిగాడు. ఉంచమన్నాను. ఉంచమంటున్నప్పుడే గుర్తొచ్చింది, దీన్ని కసుగ సాన్ చదువుతుంది. నవంబరులో ఇక నా పేరుతో పెట్టె రాదు.

నాలుగున్నర అయింది. నేను తలెత్తలేదు. నీళ్ళు కాగుతున్న చప్పుడు, కప్పులు పెడుతున్న చప్పుడు వినిపించింది. అడుగులు నా బల్ల దగ్గరికి వచ్చి ఆగాయి.

మొమోసె ఒక చేత్తో ట్రే పట్టుకుంది. ట్రేలో చేప బొమ్మ కప్పు. రెండో చేతిలో సరిచేసి అచ్చువేసిన జాబితా, మొత్తం ఎనభై ఏడు కాగితాలు. వాటిని నా ముందు పెట్టింది. టీ పెట్టలేదు.

"తప్పులేమైనా ఉన్నాయా ఇగరషి సాన్?"

"చూసి చెబుతాను. నువ్వెళ్ళు."

"ఇప్పుడే చూడండి. నేనిక్కడే ఉంటాను."

చూశాను. ఒక్కో కాగితం తీసి, బడి పేరు, తరగతి పేరు, పిల్లల పేర్లు, చివర నా వాక్యం. హొన్మా ఒకసారి ఇటు వచ్చి, వెనక్కి వెళ్ళిపోయాడు. మొమోసె ట్రే పట్టుకుని కదలకుండా నిలబడింది. నది ఒడ్డు బడి వచ్చింది. మూడో తరగతి రెండు, ఎనిమిది పేర్లు. తర్వాతి కాగితం నెత్తిన బడి పేరు, దాని కింద తరగతి పేరు, ఆ కింద వకుయి ఫుకి. అక్కడ నా వేలు ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు.

ఎనభై ఏడో కాగితం తిప్పి, "తప్పులేమీ లేవు," అన్నాను.

"నిజంగా?"

"నిజంగా."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. మంగళవారం అలా చూడలేదు, అప్పుడు చూడాల్సిన అవసరం ఉందనుకోలేదు. తర్వాత కప్పు తీసి నా ముందు పెట్టి, కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. టీ పూర్తిగా చల్లారిపోయింది. చివరి చుక్క దాకా తాగాను.